గుప్పెడు బియ్యం

ఎండాకాలం వచ్చిందంటే మా వీధి వీధంతా ఆరుబయటే పడుకునేది. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరుకి దగ్గర్లో మా ఇళ్ళు. అన్నీ రేకుల ఇళ్ళే. పగలు కాలిన రేకు అర్ధరాత్రి దాకా చల్లారేది కాదు. వీధిలో చాపలు పరుచుకుని సముద్రం గాలి కోసం చూసేవాళ్ళం. గాలి వచ్చేది, దాంతోపాటు హార్బర్లో పోగేసిన ముడి ఇనుము దుమ్మూ వచ్చేది. తెల్లారి లేచేసరికి దుప్పట్ల మీద, ముక్కుల్లో, కుండ మూతల మీద ఎర్రగా పేరుకునేది. మా అమ్మ ముందు ఒక కుండ మూత తుడిచి, ఆ తర్వాతే మా మొహాలు తుడిచేది.

అది గుప్పెడు బియ్యం కుండ. పొద్దున్న ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యాలి. అది దేవుడి వాటా. అంబలితో సరిపెట్టుకున్న రోజున గుప్పెడు పడేది కాదు. మర్నాడు మా అమ్మ రెండు గుప్పెళ్ళు వేసేది. దేవుడి దగ్గర అప్పు పెట్టుకోకూడదనేది. నెలకోసారి స్త్రీల మైత్రి ఆడవాళ్ళు సంచీతో వచ్చి కుండ ఖాళీ చేసుకుని వెళ్ళేవారు. ఆ బియ్యం ఆరాధన అయ్యాక గుడి బయట వేలం వేసేవారు. మే నెలలో మాత్రం వేలం ఉండేది కాదు. ఆ బియ్యంతో వీబీఎస్ ఆఖరి రోజు పిల్లలందరికీ అన్నం వండేవారు.

వీబీఎస్ అంటే వెకేషన్ బైబిల్ స్కూలు. బడి సెలవుల్లో పది రోజులు, పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా. అభినయం పాటలు, కంఠత వాక్యాలు, రంగు కాగితాలతో బొమ్మలు, ఆఖరి రోజు జెండాలు పట్టుకుని వీధుల్లో ఊరేగింపు, సాయంత్రం నాటకం. మా ఈడు పిల్లలకి అమ్మమ్మగారి ఊళ్ళూ మామిడితోటలూ లేవు. సెలవులంటే మాకు ఆ పది రోజులే. మైకు ముందు నిలబడి వణక్కుండా మాట్లాడడం నాకు అక్కడే వచ్చింది. ఆ మాట దాచను. ఈ రోజు సభల్లో నేను నాలుగు మాటలు మాట్లాడుతున్నానంటే ఆ గుడి పెట్టిన భిక్షే.

మా గుడి సీఎస్ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మా ఊళ్ళో అంతకు ముందు కథ ఇంకా పాతది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ దొరలు క్రాన్, డెగ్రాంజెస్ ఇక్కడ దిగి సువార్తల్ని తెలుగు చేసే పని పెట్టుకున్నారు. వాళ్ళకి సాయపడ్డ ఆనందరాయర్ బ్రాహ్మడని సంఘ చరిత్రలు పనిగట్టుకుని రాస్తాయి. గుడి గచ్చు కడిగిన మా ముసలమ్మల పేర్లు మాత్రం ఎక్కడా కనపడవు. సరే, అదొక లెక్క. మేం రాయని లెక్క ఇంకొకటుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

మేం మాలలం. గుడిలో ముందు చాపలు మావి. రెల్లి వీధి నుంచి వచ్చే పిల్లలు గుమ్మం పక్కన కూచునేవారు. అక్కడ కూచోమని వాళ్ళకెవరూ చెప్పలేదు. ముందుకి రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. వాళ్ళ అమ్మలు కొందరు తెల్లారకుండా వీధులూడ్చి పాయిఖానాలు ఎత్తేవారు, కొందరు పళ్ళు అమ్మేవారు. వాళ్ళలో ఒక పిల్ల నాతో జతకట్టింది. చదువు రాదు. నేను చదివి వినిపిస్తే రెండుసార్లకి అప్పజెప్పేసేది. ఇరవైమూడో కీర్తన నేను తడబడుతుంటే అది గుమ్మం దగ్గర్నుంచి పెదవులాడించి అందించేది.

1980 మే. నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు బెల్లం పానకం పంచే పని నాకిచ్చారు. అంత పెద్ద పని ఇచ్చారని నాకు గర్వం. బల్ల మీద గాజు గ్లాసులు, బల్ల కింద సత్తు గ్లాసులు. మా వీధి టీచరే నా చెవిలో చెప్పింది, "గుమ్మం కాడి గుంటలకి కిందియ్యి." ఇచ్చాను. ఎందుకని అడగలేదు. అడగనక్కర్లేదు, నాకు తెలుసు. ఆ పిల్ల గ్లాసు వంక చూసింది. నా వంక చూసింది. పానకం తాగి, గ్లాసు బోర్లించి, గచ్చు మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. కంఠత వాక్యాల పోటీలో మొదటి ప్రైజు నాకొచ్చింది. కొత్త నిబంధన పుస్తకం. అది వచ్చుంటే నాకు వచ్చేది కాదు.

ఆఖరి రోజు వంట దగ్గర గొడవయింది. రెల్లి వీధి నుంచి వచ్చిన బియ్యం సంచిని ఎవరో వేరే మూల పెట్టారు. మా మామ్మ చూసింది. మామ్మ వయసులో ఉన్నప్పుడు, యంత్రాలు రాకముందు, హార్బర్లో మాంగనీసు గంపలు మోసిన మనిషి. ఆ సంచి ఈడ్చుకొచ్చి మా బియ్యంలో దిమ్మరించేసింది.

"ఒలే, మాంగనీసు గంప నా నెత్తికెత్తింది ఈళ్ళమ్మలే. అప్పుడు నా తల మైలపడనేదు. ఇప్పుడు మీ బియ్యం మైలపడిపోద్దేటి?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. అన్నం వండారు. రెండు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని తినకుండా ఇంటికి తీసుకుపోయారు. వచ్చే నెల ఆ రెండు ఇళ్ళూ గుప్పెడు బియ్యం ఇవ్వలేదు. అయ్యగారు ఆ ఆదివారం ప్రేమ గురించి ప్రసంగం చేశారు. గ్లాసుల గురించి ఏమీ అనలేదు.

ఇక మా నాన్న సంగతి. నాన్న హార్బర్లో కలాసీ. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు నిరాహారదీక్ష చేసిన రోజుల్లో ఊరేగింపుల్లో తిరిగాడు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపినప్పుడు చెప్పులొదిలేసి పరిగెత్తానని చెప్పేవాడు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కన్నారు. ఆ హక్కులో మా వాటా కావాలంటే ఒక కాగితం కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడైన మాలని మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సీలో పెట్టారు, ఒక్క శాతం.

మా అన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజులు వచ్చేసరికి నాన్న గుడి లోపలికి రావడం మానేశాడు. బడి రిజిస్టర్లో మా పేర్లు వేరు, బాప్తిస్మం పేర్లు వేరు. గుడి జాబితాలోంచి తన పేరు, అన్న పేరు తీయించాడు. అమ్మ పేరు ఉంచాడు. "ఆడదాని పేరు ఎవడు సూస్తాడు?" అన్నాడు. ఆ మాట కూడా నాకు గుర్తుంది. మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు, అన్నిటికీ నాన్న ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చి ప్రహరీ గోడ మీద, చెట్టు కింద కూచునేవాడు. లోపల కీర్తన ఎత్తుకుంటే బయట చెప్పుతో నేల మీద తాళం వేసేవాడు. మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధన మొత్తం ఎండలో అలాగే కూచున్నాడు. సంస్కారం తీసుకోకుండానే చచ్చిపోయాడు.

నాన్న గోడ మీద కూచున్నందుకు నాకు ఏళ్ళ తరబడి కోపం ఉండేది. చెయ్యని తప్పుకి శిక్ష అనుకునేదాన్ని. ఆ కోపం న్యాయమైందే. గుడి రిజిస్టర్లో కులం గడి లేదు. ఆఫీసులో క్రైస్తవుడికి అంటరానితనం లేదు. బల్ల కింది గ్లాసుకి మాత్రం ఉంది. ఆ గ్లాసు తీసి ఇచ్చిన చెయ్యి నాది. మన నాన్నలు గోడ మీద కూచున్న సంగతి మనం సభల్లో చెప్పాం, కవితల్లో రాశాం. గుమ్మం దగ్గర కూచున్నవాళ్ళ సంగతి మనమే చెప్పలేదు.

మతం మారిన దళితుల సంగతి చూడమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఎస్సీల్ని వర్గీకరించొచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, దాని ఉపకులాలకి ఒక శాతం, మాదిగలకి ఆరున్నర, మాలలకి ఏడున్నర అన్నారు. ఆ ఒక్క శాతం మీద మావాళ్ళ మీటింగులో ఒకాయన "అంతా ఒకటే, విడగొట్టొద్దు" అన్నాడు. అంతా ఒకటే అయితే గ్లాసులు రెండు రకాలెందుకున్నాయని అడిగాను. "అమ్మా, పాతవన్నీ ఇప్పుడెందుకు" అన్నాడు.

ఆ మధ్య మే నెలలో పూర్ణా మార్కెట్ దగ్గర మామిడిపళ్ళు బేరమాడుతుంటే గంప వెనకాల మనిషి నా మొహంలోకి చూసి నవ్వింది. "పానకం పంచిన గుంటవి కదేటి?" అంది. నలభై ఏళ్ళు దాటాయి. నాకు నోట మాట రాలేదు. ఆ ప్రైజు నీదే, పుస్తకం ఇంకా నా దగ్గరుంది, తెచ్చిస్తానన్నాను.

"సదువు రాని దాన్ని, నానేటి సేసుకుంతాను? నీకాడే ఉంచుకో. ఆ గలాసు సంగతి మాత్రం మీ గుళ్ళో సెప్పు" అంది.

పళ్ళు తూచి ఇచ్చింది. డబ్బులు సరిగ్గా లెక్కపెట్టి తీసుకుంది.

గుళ్ళో చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.