సీసా గోడపై చెమ్మ

మన మారిషస్ ద్వీపమున చెఱకు తోటల నడుమ పెరిగినవారికి పంట ఎండుట యనగా నష్టమే. నరికిన చెఱకు పొలమున నిలిచినకొలది బరువు తగ్గును. అందలి చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మాఱును. అందుచేత కోతల దినములలో మా నాయనగారికి మిల్లు తప్ప మఱియొక ధ్యాస యుండెడిది కాదు. ఆ తొందర నాకును సంక్రమించినది. దానిని వెంటబెట్టుకొనియే గత సంవత్సరము సెప్టెంబరు మొదట అమెరికాలో మా అమ్మాయి కాపురమున్న ట్రాయ్ పట్టణమునకు వెళ్ళితిని. అది మిచిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరమునకు ఉత్తరముగా నున్నది.

ఆ యూర భారతీయ టెంపుల్ అను దేవాలయము కలదు. నవరాత్రులకు పులిహోర చేసి నివేదింతమని అమ్మాయి యనెను. ఎండుమిరపకాయలు అంగళ్ళలో దొరకును గాని, నా చేత ఎండించినవే వేయవలెనని నాకు చాపల్యము కలిగెను. రైతుల సంతలో పండు మిరపకాయలు కొంటిని. అవి మన చిన్న పిమాల వంటివి కావు. దళసరి కండ గలవి. అక్కడ పగలు ఎండ కాసినను రాత్రి మంచు కురిసి, ఆరినది మరల మెత్తబడును. అందుచేత అల్లుడుగారి యింటనున్న విద్యుత్ యంత్రమున, పళ్ళెముల దొంతరలో వేడిగాలి వీచునట్టి దానిలో, కాయలు పరచి, వేడిని తుదివరకు త్రిప్పి, తెల్లవారులోపల పని ముగించితిని. కాయలు గలగలలాడెను. సీసాలో పోసి మూత బిగించితిని. పదియవనాడు ఒక కాయను త్రుంచి చూడగా గింజల నడుమ బూడిదరంగు బూజు!

పండు మిరపకాయలో ఇంచుమించు ముప్పాతికవంతు నీరే. నిలువ యుండవలెనన్న అది నూటికి 10 వంతుల ప్రాంతమునకు దిగవలెను. మొదటనే మిక్కిలి వేడి తగిలినచో, లోపలి నీరు పైకి వచ్చులోపల పైపొర బిగిసి తలుపు మూసినట్లగును. పైన పెళపెళ, లోపల పచ్చి. గుంటూరు సీమ రైతులు కాయలను కల్లమున పరచి, తిరుగవేయుచు, దినముల తరబడి ఎండబెట్టి, రాత్రులు కుప్పచేసి కప్పుదురు. అది మంచునకు వెఱచి చేయు పని యని మాత్రమే నేను తలచియుంటిని; లోపలి తేమ పైకి వచ్చి సమమగుటకును ఆ కుప్ప తోడ్పడునని ఇప్పుడు తెలిసినది. నడుమ వాన తగిలినచో కాయ రంగు చెడి తాలు యగును, ధర పడిపోవును.

మెల్లగా ఆరుటవలన గుణము నిలుచుటయే కాదు, క్రొత్తగా పుట్టుటయు కలదు. మన పొరుగుననున్న రెయూనియన్ ద్వీపపు వెనిలాను చూడుడు. పచ్చికాయకు ఆ వాసనయే లేదు. వేడినీట ముంచి, చెమటపట్టించి, నెలల తరబడి ఆరనిచ్చిన పిమ్మటనే ఆ పరిమళము.

అల్లుడుగారు, "బూజు పట్టినవి ఏరివేసి తక్కినవి వేయించిన సరిపోదా, మామయ్యగారూ?" అనిరి. నిజము చెప్పవలెనన్న నాకును అదియే తోచినది. అమ్మాయి ఒప్పుకొనలేదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చెననియు, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ పిండిలోని బూజువిషమే కారణమని తేలెననియు చెప్పెను. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు. అది కాలేయమును చెఱచును; బాణలి వేడికి పూర్తిగా నశింపదు. ప్రతి బూజును ఆ విషము పుట్టింపదు, నిజమే. కాని కంటితో చూచి ఎవరు చెప్పగలరు? అమ్మవారి యెదుట పెట్టి పదిమంది పిల్లలకు పంచవలసిన ప్రసాదము. సీసా అంతయు చెత్తబుట్టలో కుమ్మరించితిమి. పోయిన డబ్బు కొంచెమే; నా చిన్నతనము వేఱు.

మరల కాయలు తెచ్చి, ఈసారి నిలువున చీల్చి, వేడి 55 డిగ్రీలకు దించి, కాయ విఱిగినప్పుడు నడుమ సైతము పెళుసుగా నుండువరకు ఓపికపట్టితిని. పిమ్మట గాజుసీసాలో వదులుగా పోసి వారము దినములు పరీక్షించితిమి. దినమున కొకసారి సీసాను కుదిపి చూచు పని మనుమరాలిది. గోడపై చెమ్మ పట్టినచో కాయలు ఇంకను ఆరలేదన్నమాట. తుఫాను నెలలలో మన యిండ్లలో పిమాలు ఎండబెట్టువారికి ఈ పరీక్ష మిక్కిలి అవసరము. ఖర్చు ఏమియు లేదు.

రెండవనాడు, "తాతయ్యా, మంచు పట్టినది!" అని ఆ పిల్ల పరుగెత్తుకొని వచ్చెను. కాయలను మరల నాలుగు గంటలు యంత్రమున నుంచితిమి. అటుపిమ్మట ఏడు దినములు గోడ పొడిగానే యుండెను. ఎనిమిదవనాటి పులిహోర తాలింపులో పడినవి ఆ కాయలే.