మా నాన్న బాత్రూం కచేరీ

సినిమాల్లో బాత్రూం ఎలా వుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అద్దాల్లా మెరిసే గోడలు, నురగ పొంగే తొట్టి, నిలువెత్తు అద్దం. హీరోయిన్ అరగంట స్నానం చేసి బయటికొచ్చినా కాటుక చెదరదు!

తెనాల్లో మా ఇంటి బాత్రూం అలాంటిది కాదు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మా తాతయ్య కట్టించిన ఇల్లు. గోడలు ఇటుకా సున్నం, నేల పల్నాటి నాపరాళ్లు. తలుపు కింది చెక్క చివికిపోయి చీపురుకట్టలా తయారైంది. వెంటిలేటర్‌కి అడ్డంగా ఏనాటిదో క్యాలెండర్ అట్ట. చలిగాలి రాకుండా అమ్మ పెట్టింది, మళ్లీ తీసినవాళ్లు లేరు.

అయినా ఆ గదికో ఘనత వుంది. రోజూ పొద్దున ఆరింటికి మా నాన్న అందులో కచేరీ చేసేవారు. నాన్న రిటైరైన తెలుగు మేష్టారు. మామూలుగా మాట్లాడితే గొంతు పీలగా వుంటుంది. బాత్రూంలో దూరి, చెంబుడు నీళ్లు నెత్తిన పోసుకుని, ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు అందుకున్నారంటే మాత్రం ఆ గొంతు ఈ మనిషిదేనా అనిపించేది. దీనికి కారణం వుంది లెండి. గట్టి గోడ శబ్దాన్ని పీల్చుకోదు, తిరగ్గొడుతుంది. పైగా అంత చిన్న గదిలో మగవాళ్ల మంద్రస్వరాలు కొన్ని గోడల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయి బాగా ఉబ్బుతాయి. బాత్రూంలో ప్రతివాడూ గాయకుడే కావడానికి అదీ రహస్యం. ఈ ముక్క చెబితే నాన్న ఒప్పుకోరు. తనది సాధన అంటారు.

కిందటి కార్తీకంలో ఓ తెల్లవారుజామున పద్యం సగంలో ఆగిపోయింది. చెంబు దొర్లిన చప్పుడు. అమ్మ కేక.

కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. డాక్టరుగారు కట్టు వేస్తూ ఒకేమాట అన్నారు: “ఈసారి చెయ్యి గనక సరిపోయింది. ఈ వయసులో తుంటి విరిగితే లేచి నడవడం కష్టం.” ఆ రోజునుంచీ నాన్న స్నానం పెరట్లో పంపు దగ్గర, స్టూలు మీద. పాట లేదు. “పాడొచ్చుగా నాన్నా” అంటే, “నలుగురూ చూస్తుండగా నీళ్లోసుకుంటూ పాడటానికి నేనేమన్నా నాటకాల వాణ్ణా?” అన్నారు. మణికట్టు అతుక్కుంది గానీ, ఆ ఇంట్లో ఏదో మూగబోయింది.

నేను గుంటూరులో ఓ బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. స్కూటీకని దాచుకున్న డబ్బు పన్నెండువేలు వుంది. దాంతో బాత్రూం బాగుచేయిస్తానంటే నాన్న కస్సుమన్నారు. “నీ డబ్బు పోసి నా పాకుడు కడుగుతావా?” అని. నేను వినలేదు.

ముందు నేనే హీరోయిన్నని రంగంలోకి దిగాను. ఒక ఆదివారం యాసిడ్ సీసా పట్టుకుని నేలంతా పోసి రుద్దాను. బుసబుసా నురగొచ్చింది. మురికి పోతోందని తెగ సంబరపడ్డాను. అది చాలక దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లాను చూడండి... కళ్లు మంటలు, ఊపిరాడని దగ్గు! పరుగెత్తి పెరట్లో పడ్డాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుందిట. తలుపేసుకుని వుంటే నా కథకి అక్కడే శుభం కార్డు పడేది. మీ ఇంట్లో ఎవరైనా ఈ రెండూ కలుపుతుంటే చేతిలోంచి లాక్కోండి.

మర్నాడు తాపీమేస్త్రీ వచ్చాడు. పెద్దాయన. గొంతుక్కూర్చుని బండమీద వేలితో రాసి చూశాడు. “నాపరాయి సున్నపురాయి జాతి అమ్మాయిగారూ. మీకొచ్చిన నురగ మురికిది కాదు, రాయిది. ఏటా పండక్కి అమ్మగారు పోసిన యాసిడ్డు రాయిని తినేసింది. ఆ గుంటల్లో నీళ్లు నిలిచి పాకుడు పట్టింది” అన్నాడు. అమ్మ తల పక్కకి తిప్పుకుంది.

తర్వాత ఒక బకెట్ నీళ్లు గుమ్మం దగ్గర కుమ్మరించి చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు తూము వైపు పోకుండా నాన్న కూర్చునే మూలకే చేరి నిలబడ్డాయి. “వాటం చచ్చిపోయింది. ఇన్నేళ్లలో ఆ మూల కుంగింది. ఇక ఎంత రుద్దినా పాకుడు తిరిగొస్తుంది.”

నేను నా బ్రహ్మాండమైన ప్లాను చెప్పాను. తెల్లటి నున్నటి టైల్స్, నేలంతా, గోడలంతా. మేస్త్రీ నవ్వాడు. “తడిసిన నున్నటి టైలూ, తడిసిన పాకుడు బండా అన్నదమ్ములే. పైగా బండల మీదే టైల్స్ వేస్తే నేల ఎత్తు పెరిగి నీళ్లు వసారాలోకి వస్తాయి. ఆ బండల్నే తిరగేసి పరుద్దాం.”

తిరగేయడమా! అవునండీ. ఆ బండలకి కింది వైపు ఉలి తగల్లేదు, నునుపు లేదు. గరుగ్గా, కాలికి పట్టు దొరికేలా వుంది. గడ్డపారతో ఒక్కో బండా లేపుతుంటే నాన్న వసారాలో కుర్చీ వేసుకు కూర్చున్నారు. “పదిలం, పదిలం... ఆ రాళ్లు మా నాన్న రెండెడ్ల బండిమీద తెచ్చినవి” అంటూ. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. పద్నాలుగు బండల్లో రెండే విరిగాయి. ఆ ముక్కల్ని మూలల్లో సర్దాడు. కింద మట్టి దిమ్మిస కొట్టి, అడుగుకి పావంగుళం చొప్పున తూము వైపు వాటం ఇచ్చి, సిమెంటులో పరిచాడు.

ఇక పట్టుకునే స్టీలు కడ్డీ తిప్పలు. మామూలు స్క్రూలు బిగిస్తే సున్నం గోడ పిండిలా రాలి, నేను లాగగానే కడ్డీ నా చేతికొచ్చేసింది. ‘మాయాబజార్’కి (1957) గోఖలే, కళాధర్‌లు రాజమందిరాలే సృష్టించారు గానీ, సినిమా సెట్టు షూటింగ్ అయ్యేదాకా నిలిస్తే చాలు. దీనిమీద మనిషి ప్రాణం ఆనుకోవాలి. చివరికి మేస్త్రీ గోడకి ఈ చివర్నుంచి ఆ చివరికి బోల్టులు దూర్చి, అవతలి వైపు ఇనప పలకలు పెట్టి బిగించాడు. నేలకి మూడడుగుల ఎత్తున. తర్వాత తనే దానికి వేళ్లాడి చూపించాడు. 

మిగతావి చకచకా అయిపోయాయి. ప్లాస్టిక్ తలుపు, తూముకి కొత్త జాలీ, కారే పంపుకి వాషరు, గోడలకి సున్నం. బల్బు మార్చి, స్విచ్చి బయటికి పెట్టించాను. క్యాలెండర్ అట్ట పీకి పారేశాను. గాలాడితే గానీ గది ఆరదు, ఆరకపోతే మళ్లీ పాకుడు. మేస్త్రీకి, కూలీకి మూడురోజులకి 5,100. తలుపుకి 2,200. అన్నీ కలిపి 12,340 అయింది. పైన 340 అమ్మ పోపులడబ్బాలోంచి తీసిచ్చింది, యాసిడ్ పాపానికి పరిహారమంటూ. అద్దం కొనలేదు. స్కూటీ సంగతి సరేసరి.

సిమెంటు ఆరాక నాలుగోరోజు పొద్దున నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. గుమ్మంలో ఆగి, కుడిపాదంతో బండని రెండుసార్లు తడిమి చూశారు. కడ్డీ పట్టుకుని లోపలికెళ్లి తలుపేసుకున్నారు. నేనూ అమ్మా మొదటాట టిక్కెట్టు దొరికిన వాళ్లలా బయట నిలబడ్డాం. నీళ్ల చప్పుడు. చెంబు చప్పుడు. ఇంకేం లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత సన్నగా గొంతు సవరింపు. పద్యం మొదలైంది. మూడునెలల తుప్పు వుంది గానీ, అదే గొంతు.

సగంలో టక్కున ఆగింది. నా గుండె ఆగినంత పనయింది.

“అమ్మాయ్! ఆ వెంటిలేటర్‌కి మళ్లీ అట్ట పెట్టవే. శబ్దమంతా బయటికి పోతోంది!”

“పెట్టను నాన్నా. పాకుడు పడుతుంది.”

“మరి నా పద్యం?”

“కాస్త గట్టిగా పాడండి!” అని అరిచింది అమ్మ, ఒక చేత్తో కళ్లొత్తుకుంటూ.