డబుల్ రొట్టె కోఫ్తాలు

మొన్న ఆదివారం మా అమ్మాయి విశాఖ హాస్టల్ నుంచి విజయనగరం వచ్చీ రాగానే, "అబ్బూ, అరకిలో ఖీమా తెండి. ఇటలీ మీట్‌బాల్స్ చేస్తా" అంది.

"అవి మన కోఫ్తాలే కదమ్మా" అన్నాను.

"కాదు, పోల్పెట్టె" అని సరిదిద్దింది.

మటన్ కొట్టులో ఖీమా రెండుసార్లు మరలో వేయించి తెచ్చాను. అక్కడ చాలామంది పంది మాంసం కూడా కలుపుతారట, మనకి మటనే. పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో చేస్తారు. ఆ హలాల్ శంక ఎందుకని పచ్చచుక్క ఉన్న మామూలు చీజ్ కొన్నాం. పార్స్లీ దొరకలేదు, కొత్తిమీర వేశాం.

అమ్మీ వంటగది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని తస్బీ తిప్పుతూ చూస్తోంది. పిల్ల నాలుగు బ్రెడ్ ముక్కల అంచులు తీసేసి, అరకప్పు పాలలో నానబెట్టింది.

"ఆ డబుల్ రొట్టె దేనికి బేటీ?"

"ఖీమాలోకి, దాదీ. ఇటలీలో ఇలాగే చేస్తారు."

తస్బీ ఆగిపోయింది. అమ్మీ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. అబ్బా దర్జీ. ఇంట్లో ఎనిమిది మందిమి. జుమ్మా రోజున పావుకిలో గోష్ వచ్చేది. అమ్మీ దాన్ని రోట్లో దంచి, పుట్నాల పొడి, నిన్నటి డబుల్ రొట్టె కలిపి ఇరవై నాలుగు కోఫ్తాలు కట్టేది. మనిషికి మూడు. ఒకరోజు శ్రీకాకుళం నుంచి మెహమాన్‌లు వచ్చారు. అందరూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక నేను గట్టిగా అన్నాను: "అమ్మీ, ఇందులో గోష్ కంటే రొట్టే ఎక్కువ!" ఎవరో నవ్వారు. అబ్బా నవ్వలేదు. అమ్మీ దుపట్టా సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కోఫ్తా అంటే ఫారసీలో దంచినది అని ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ చెప్పారు. రొట్టె ఎందుకు కలుపుతారో మాత్రం మొన్నే తెలిసింది. ఉత్త ఖీమా వేడికి బిగుసుకుని నీరు వదిలేస్తుంది. పాలలో నానిన రొట్టె ఆ తడిని పట్టి ఉంచి, ఉండని మెత్తగా ఉంచుతుంది. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూజీ అచ్చువేయించిన ప్రసిద్ధ ఇటాలియన్ వంటల పుస్తకంలో కూడా పోల్పెట్టె అంటే మిగిలిన ఉడికిన మాంసాన్ని వాడుకునే ఇంటి వంటే. స్పెగెట్టీ మీద ఈ ఉండలు పెట్టడం అమెరికా వెళ్ళిన ఇటలీ వలసదారుల అలవాటు.

అమ్మాయి పిండిన రొట్టె, ఒక గుడ్డు, రెండు వెల్లుల్లి రెబ్బలు, చీజ్ తురుము, ఉప్పు, మిరియాలు, చిటికెడు జాజికాయ పొడి ఖీమాలో వేసి తేలిగ్గా కలిపింది. ఎక్కువ పిసికితే గట్టిపడతాయట. నిమ్మకాయంత ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, నూనెలో ఎర్రగా వేయించి, టమాటా గుజ్జులో సన్న సెగ మీద అరగంట ఉడికించింది.

"గరిటె పెట్టకు, విరుగుతాయి. గిన్నె పట్టుకుని తిప్పు" అంది అమ్మీ.

అందరం తినడానికి కూర్చున్నాం. నేను మెల్లగా అన్నాను: "అమ్మీ, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది."

మరిచిపోయి ఉంటుందనుకున్నాను. "ఆ తర్వాత నెలరోజులు కోఫ్తాలు కట్టలేదు బేటా. చెయ్యి రాలేదు" అంది. కాసేపాగి, "మీ అబ్బా మాత్రం రోజూ అడిగేవారు" అంది.

పిల్లకి ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గరీబీని సిగ్గుగా దాచుకున్న మనం, ఆ రోజుల్లో అమ్మీలకి తెలిసిన ఇల్మ్‌ని కూడా దాంతోపాటే దాచేశాం. పావుకిలో గోష్‌ని ఎనిమిది మందికి సరిపెట్టడాన్ని మేం బర్కత్ అనేవాళ్ళం. అందులో అమ్మీ చేతి లెక్క ఎంత ఉందో అడగలేదు.

అమ్మీ ఒక ఉండ చిదిమి నోట్లో పెట్టుకుంది. "బాగుంది. కారం లేదు" అని, పచ్చిమిర్చి కోసం చేయి చాపింది.