లోపలి తడి

ఇంగ్లీషులో 'డ్రై' అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మనకి రెండున్నాయి. మిరపకాయలు, వడియాలు, ఒరుగులు ఎండబెడతాం. బట్టలు ఆరేస్తాం, తలంటుకున్నాక జుట్టు ఆరబెట్టుకుంటాం, ధాన్యం ఆరబోస్తాం. ఎండిన వస్తువు ముడుచుకుపోయి ఇంకొకటైపోతుంది, మళ్ళీ పాత రూపానికి రాదు. ఆరింది మాత్రం తడి ఒక్కటే వదులుకుని తనలాగే మిగులుతుంది. పుట్టినప్పటినుంచీ వాడుతున్న ఈ రెండు మాటల మధ్య తేడా నాకు స్కీ బూట్లు కొన్నాక గానీ పూర్తిగా అర్థం కాలేదు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. స్కీ బూటంటే నిజానికి రెండు బూట్లు. బయటిది గట్టి ప్లాస్టిక్ డొప్ప, షెల్ అంటారు. చాలావరకు పాలీయురెథేన్‌తో పోస్తారు, బకిల్స్‌తో బిగిస్తారు. దానిలోపల ఫోమ్‌తో చేసిన మెత్తటి బూటు ఇంకొకటి ఉంటుంది, అది లైనర్. పట్టుకుని లాగితే మొత్తంగా బయటికొచ్చేస్తుంది. మా అమ్మ మొదటిసారి సియాటిల్ వచ్చినప్పుడు నేను దాన్ని లాగడం చూసి, "ఓరి నాయనో, జోడులోపల ఇంకో జోడుందేమిట్రా!" అంది. ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ షాపులోనూ దొరకలేదు.

1960లకి ముందు అందరూ తోలు బూట్లతోనే స్కీయింగ్ చేసేవాళ్ళు. తోలు తడిస్తే మెత్తబడి వంకర పోతుంది. అందుకని విప్పిన బూట్లని చట్రంలో బిగించి ఆరబెట్టేవారు. అమెరికాలో బాబ్ లాంగే లాంటివాళ్ళు ప్లాస్టిక్ బూట్లు తెచ్చాక ఆ తంటా తప్పింది. కానీ తడి ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకుందంతే.

మంచులో తిరిగిన బూటు మంచు వల్లే తడుస్తుందనుకుంటాం. నీళ్ళు కొంచెం లోపలికి దిగే మాట నిజమే. కానీ లైనర్‌లో ఉండే తడిలో ఎక్కువ భాగం మన చెమటే. ఒంట్లో మిగతా చోట్లకన్నా అరిచేతుల్లో, అరికాళ్ళలో చెమట గ్రంథులు దట్టంగా ఉంటాయి. బయట మైనస్ ఐదు డిగ్రీలున్నా సరే, పొద్దున్నించి సాయంత్రం దాకా ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన పాదానికి చెమట పడుతూనే ఉంటుంది. దానికి బయటికి దారి లేదు. లైనర్ గుడ్డలోకి, పొరల మధ్యకి, పాదం కింద ఉండే అట్టలోకి ఇంకిపోతుంది. పైనుంచి చూస్తే బూటు శుభ్రంగా, పొడిగా మెరిసిపోతుంటుంది. గుడ్డతో తుడిచి అల్మరాలో పెట్టేస్తే ఆ విషయం రెండో వారానికి ఇల్లంతా తెలుస్తుంది.

వాసన ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుపోవచ్చు. అసలు ఇబ్బంది చలి. నీరు గాలికన్నా ఇరవై రెట్లకి పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. నిన్నటి చెమట లోపల ఉన్న బూట్లో ఇవాళ పొద్దున కాలు పెడితే పదిన్నరకల్లా వేళ్ళు తెలియడం మానేస్తాయి. చాలామంది అప్పుడు రెండో జత మేజోళ్ళు వేస్తారు. దాంతో కాలు ఇంకా బిగుసుకుని రక్తం ఆడక చలి మరీ ఎక్కువవుతుంది. పల్చటి మేజోళ్ళు ఒక్క జత, పూర్తిగా ఆరిన లైనర్. ఇంతకుమించి రహస్యమేమీ లేదు.

మా ఊళ్ళో ఈ ఆరడమే కష్టం. యూటాలో పడే మంచు పొడి, పిండిలా రాలుతుంది. మా వాషింగ్టన్ రాష్ట్రంలో పడేది సముద్రం మీదుగా వచ్చిన బరువైన తడి మంచు. ఇక్కడివాళ్ళు దాన్ని వేళాకోళంగా 'కాస్కేడ్ కాంక్రీట్' అంటారు. ఐ-90 మీద గంటలోపు వెళ్ళిపోయే స్నోక్వాల్మీ పాస్ ఎత్తు సుమారు మూడు వేల అడుగులే. జనవరిలో కూడా ఒక్కోరోజు అక్కడ మంచుకి బదులు వాన పడుతుంది. ఇంటికొస్తే ఇక్కడా ముసురే. కిటికీ తెరిచినా గాల్లో చెమ్మే.

ఇలాంటప్పుడు చెయ్యి గోడవారగా ఉండే కరెంటు హీటర్ వైపో, నిప్పుగూడు వైపో పోతుంది. పోకూడదు. చాలా లైనర్ల ఫోమ్‌ని షాపులో వేడి చేసి, మెత్తబడ్డాక మన కాలికి తొడిగి, చల్లారేదాకా కదలకుండా నిలబెడతారు. అలా అది మన పాదం ఆకారం తెచ్చుకుంటుంది. అంటే వేడికి లొంగడం దాని స్వభావంలోనే ఉంది. హీటర్ దగ్గర పెట్టినా లొంగుతుంది. తేడా ఏమిటంటే అప్పుడు దానిలోపల పాదం ఉండదు, ఏ ఆకారం పట్టాలో చెప్పేవాళ్ళుండరు. అతుకుల దగ్గర జిగురు ఊడుతుంది, ఎక్కువ వేడైతే షెల్ కూడా వంగుతుంది. ఎండబెట్టడమంటే ఇదే.

ఈ సంగతి తెనాలి పక్క పల్లెలో మా తాతయ్యకి వడ్ల విషయంలో తెలుసు. కళ్ళంలో ఆరబోసిన ధాన్యంలో కాళ్ళీడుస్తూ అటూ ఇటూ నడిచి తిరగదీసేవాడు. ఒక గింజ పంటికింద కొరికి, "ఇంకో ఎండ కావాలి" అనేవాడు. ఎండని గంటల్లో కాకుండా ఇలా ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాళ్ళు ఇప్పుడు తగ్గారు. ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో మీటరు పెట్టి చూస్తారు, 17 శాతం తేమ దాటితే పేచీ. అలాగని మండుటెండలో పల్చగా పరిచి గబగబా ఆరనిస్తే గింజ లోపల పగులుతుంది. పైకి తెలియదు. మిల్లుకెళ్ళాక బియ్యం రావాల్సిన చోట నూకొస్తుంది. తడి ఎక్కువైనా నష్టమే, తొందరెక్కువైనా నష్టమే.

బూట్లకి నేను చేసే పని కూడా అంత నిదానంగానే ఉంటుంది. ఇంటికి రాగానే బకిల్స్ అన్నీ విప్పి, లైనర్ లాగి, దానిలోంచి అట్ట తీసి మూడూ విడివిడిగా పెడతాను. గదిలోని గాలినే లోపలికి ఊదే చిన్న ఫ్యాన్ ఒకటుంది. అది లేని రోజుల్లో నలిపిన న్యూస్‌పేపర్ కుక్కి, రెండు గంటలకోసారి మార్చేవాణ్ణి. ఒక రాత్రి పడుతుంది. ఆరాక లైనర్ మళ్ళీ తొడిగి బకిల్స్ వదులుగా పెడతాను. అలా పెట్టకపోతే షెల్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. రాత్రి కారు డిక్కీలో వదలను, చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు. పార్కింగ్ సిమెంటు మీద ఊరికే నడవను. అడుగు అరిగితే స్కీ బైండింగ్ దాన్ని సరిగ్గా పట్టుకోదు, పడ్డప్పుడు సరిగ్గా వదలదు. వదలకపోతే ఆ బరువు మోకాలు మొయ్యాలి.

పుస్తకాల గురించి రాసే అలవాటు కొద్దీ ఒక మాట. మన కథల్లో వస్తువు కొన్నప్పుడు కనిపిస్తుంది, తాకట్టు పెట్టినప్పుడు కనిపిస్తుంది. మధ్యలో దాన్ని తుడిచి, ఆరేసి, చూసుకున్న పదేళ్ళు అరుదుగా కనిపిస్తాయి. ఆ పదేళ్ళలో చెప్పుకోడానికి ఏమీ జరగదు కాబట్టి కావచ్చు. కానీ ఒక వస్తువుని పదేళ్ళకని చూసుకోవడమంటే ఆ పదేళ్ళూ మనం ఇక్కడ ఉంటామని లోపల ఎక్కడో అనుకోవడమే. హెచ్-1బి మీద బతికేవాడికి అది చిన్న మాట కాదు. ఇక్కడ సోఫా కొన్నా, టీవీ కొన్నా, అమ్మడానికి వీలుంటుందా అని ముందే ఆలోచిస్తాం. స్కీ బూట్లు ఆ లెక్కకి అందవు.

2023లో నా స్నేహితుడి ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. దొరకలేదు. కారు, సోఫా, రైస్ కుక్కర్, స్కీలు, అన్నీ మూవింగ్ సేల్‌లో పోయాయి. బూట్లు మాత్రం మిగిలాయి. మా ఇద్దరి సైజూ ఒకటే, 26.5. అయినా నా కాలు వాటిలో ఇమడలేదు. వాడి చీలమండ ఎముక కోసం షాపువాడు షెల్‌ని వేడిచేసి బయటికి నొక్కిన గుంట ఉంది, లైనర్‌లో వాడి మడమ ఉంది. "నీ దగ్గరుంచరా, వచ్చే సీజన్‌కి వచ్చేస్తానుగా" అన్నాడు.

ఏటా నవంబర్‌లో నా వాటితోపాటు వాడివీ బయటికి తీసి గాలికి పెట్టి ఫోటో పంపేవాణ్ణి. గచ్చిబౌలి నుంచి జవాబొచ్చేది: "వాసనొస్తున్నాయా?" రావడం లేదు. ఎవరూ తొడగని బూట్లకి చెమట ఎక్కడిది? కానీ పాలీయురెథేన్‌తో ఇంకో చిక్కుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాల్లో ఉన్న తేమకే దాని గొలుసులు తెగుతుంటాయి. అటక మీద భద్రంగా దాచిన పాత బూటు కూడా ఒకరోజు మంచు మీద ఉన్నట్టుండి పగిలిపోతుంది. వాడితే అరుగుతుంది, వాడకపోతే విరుగుతుంది.

ఈసారి ఫోటో పంపితే వాసన సంగతి అడగలేదు. "డిసెంబర్‌లో వస్తున్నావుగా, తెచ్చెయ్యరా. జనవరిలో గుల్‌మార్గ్ వెళ్దామనుకుంటున్నాం" అన్నాడు. రెండుసార్లు చదివాను. కశ్మీర్‌లో మంచుంది, గొండోలా ఉంది, బూట్లకి పని దొరుకుతుంది. వాడు మాత్రం ఇక ఇటు రాడు. ఆ మాట వాడు అనలేదు, నేనూ అడగలేదు.

తూకం వేశాను, జత నాలుగు కిలోలకి కొంచెం అటూ ఇటూగా ఉంది. ఇరవై మూడు కిలోల పెట్టెలో అంత చోటు వాటికి పోతే మా ఆవిడ కట్టిన చాక్లెట్లు కొన్ని తగ్గించాలి. షెల్ మొత్తం వేలితో తడిమి చూశాను, పగుళ్ళేమీ లేవు. లైనర్లు తీసి ఒక రాత్రి ఫ్యాన్ ముందు పెట్టాను. పొద్దున లోపలికి చెయ్యి పెట్టి, మడమ గుంట దాకా తడిమి చూశాను. ఆరింది. బకిల్స్ వదులుగా పెట్టి పెట్టెలో సర్దాను.