సీసం లెక్కన

1997 ఆషాఢంలో మా ప్రెస్సు అమ్మేశాను. శూన్యమాసంలో తీసుకుంటే అచ్చిరాదని, శ్రావణం దాకా ఆగుదామని కొనేవాడు బతిమాలాడు. తొందరపడింది నేనే. శ్రావణం వస్తే శుభలేఖల పని మొదలవుతుంది. ట్రెడిల్ చప్పుడు నాలుగు రోజులు చెవిన పడితే ఇక అమ్మలేనని నాకు తెలుసు.

తెనాలిలో మా నాన్నగారు 1958లో పెట్టిన ప్రెస్సు అది. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో ప్రెస్సు పెట్టేవాళ్ళు మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది. కొత్త పంచె కట్టుకుని వెళ్ళి సంతకం పెట్టి వచ్చిన సంగతి ఆయన పెళ్ళి ముచ్చటలా చెప్పేవారు.

తలుపు తీస్తే కిరసనాయిలూ సిరా కలిసిన వాసన. ఇంగ్లీషు అక్షరాలు రెండు కేసుల్లో సర్దుకుంటాయి. తెలుగుకు గుణింతాలు, వత్తులు అన్నీ కలిసి గోడంతా గళ్ళే. మా కంపోజిటరును నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన చూపు కాగితం మీద, చెయ్యి గళ్ళ మీద. అక్షరం ఒంటిమీది గాటును బొటనవేలితో తడిమి, తలకిందులుగా స్టిక్కులో పేర్చేవాడు. ఎండాకాలం జిగురు రోలర్లు మెత్తబడిపోయేవి. కరిగించి మళ్ళీ పోతపోసుకోవడం, తెల్లవారుజామున లేచి అచ్చు వేయడం. ఇక ముద్రారాక్షసాల గురించి చెప్పకపోవడమే మంచిది. ఓసారి ముహూర్తంలో 'రాత్రి' ఎగిరిపోతే, ఐదొందల కార్డుల మీదా మా ఇంటిల్లిపాదీ కూర్చుని చేత్తో రాశాం.

ఎదురుగా డీటీపీ సెంటరు వచ్చింది. పేజ్‌మేకర్‌లో పావుగంటలో పేజీ తయారు. మూడేళ్ళు మొండికేశాను, అంతే.

షాపు, టెలిఫోను నంబరు, ఖాతాదార్ల పుస్తకం ఒకరికి. ట్రెడిల్ ఇంకొకరికి. అక్షరాలు మాత్రం పాత సామాన్ల వ్యాపారికి, కిలోల లెక్కన. ఆంటిమొనీ, తగరం కలిసిన సీసం కాబట్టి ధర తగ్గుతుందన్నాడు అతను. ఆ రెండూ కలిసినందుకే అక్షరం గట్టిగా నిలుస్తుందని నాన్నగారు అనేవారు. బస్తాల్లోకి గుమ్మరిస్తుంటే బాబాయ్ రెండు అక్షరాలు తీసి నా చేతిలో పెట్టాడు. చి.ల.సౌ.లో వాడిన 'సౌ' అరిగి నున్నబడింది. 'ఌ' మాత్రం పోతపోసిన నాటిలాగే మెరుస్తోంది. "రెండూ ఒకటే రేటు అబ్బాయ్," అన్నాడు. నేను రెండూ బస్తాలో వేసేశాను. ఒకటన్నా దాచుకోవాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

స్టాంపు పేపరు మీద సంతకం పెట్టినప్పుడు నాకేమీ అనిపించలేదు. నిజానికి అప్పులు తీరుతున్నాయని తేలికపడ్డాను. బాధ తర్వాత మొదలైంది. తొమ్మిదయ్యేసరికి చొక్కా వేసుకుని, తాళాల కోసం మేకు మీద చెయ్యి వేసేవాణ్ణి. "ఎక్కడికండీ?" అని మా ఆవిడ అడిగితే కూరగాయలకనేవాణ్ణి. ఆ నెలంతా మా ఇంట్లో కూరలే కూరలు. మార్కెట్టుకు ప్రెస్సు వీధి దగ్గరి దారి. నేను చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

కొన్నాయన మంచివాడు. బాబాయ్‌ని ప్రూఫులు చూడమని పెట్టుకున్నాడు. నాలుగు రోజులు వెళ్ళి మానేశాడాయన. "అక్షరాలు తిన్నగా ఉంటే తప్పులు కనబడటం లేదబ్బాయ్," అన్నాడు. అప్పుడు ఏడ్చాను, అమ్మిన రెండు నెలలకు.

తప్పు చేశానా అంటే లేదు. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే ట్రెడిల్ కూడా తూకానికే పోయేది. రావలసిన బాకీలు మాత్రం నావేనని కాగితంలో రాయించుకున్నాను. ఒకే వార్డులో పోటీపడ్డ ఇద్దరు అభ్యర్థుల కరపత్రాలు మేమే వేశాం, చట్టప్రకారం అడుగున మా ప్రెస్సు పేరుతో సహా. ఇద్దరూ ఇంకా డబ్బులివ్వలేదు.