అవ్వ దిండు

పళనిలో పుట్టి పెరిగిన నాకు కొండెక్కడమంటే మురుగన్ కొండే. 60 కిలోమీటర్ల దూరంలోని దిండిగల్ కోటకు యాభై దాటేదాకా వెళ్ళనేలేదు. మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి పట్టుబడితే బయలుదేరాం.

రాతిలో తొలిచిన మెట్లు. నాలుగుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంటూ చరిత్ర చెప్పాను. 1605లో మధుర నాయకరాజు ముద్దు కృష్ణప్ప ఈ కోట మొదలుపెట్టాడు. తిరుమల నాయకుడు బలపరిచాడు. 1755లో హైదరాలీ ఫౌజుదారుగా వచ్చాడు. 1790లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది.

"ఆ నాయకులు మనలాగే తెలుగువాళ్ళమ్మా" అన్నాను.

"సరి అప్పా" అంది. మేం తెలుగులో అడగడం, తను తమిళంలో జవాబివ్వడం ఏళ్ళనాటి అలవాటు.

పైన గుడి ఉంది, లోపల విగ్రహం లేదు. ఆ నీడలో కూర్చున్నాక ఊరి పేరుకు అర్థం అడిగింది. తమిళంలో 'తిండు' అంటే తలగడ, 'కల్' అంటే రాయి అని చెప్పాను.

ఒక్క క్షణం ఆలోచించింది.

"మన అవ్వ దిండేనా, నాన్నా?"

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. అమ్మాయి నాతో తెలుగు మాట్లాడి కూడా దాదాపు అంతే. నాలుగు మాటలు, బ్యాంకువాణ్ణి గనక లెక్క తప్పలేదు.

దిగే దారిలో రాజుల కథలు కట్టిపెట్టి, అవ్వ కథలు చెప్పాను.