లార్డ్సు క్రీడాస్థల సందర్శనము

లండను నగరమున సెయింటు జాన్సువుడ్డను పేటలో లార్డ్సను క్రికెట్టు మైదానము గలదు. 1787లో నేర్పడిన మెరిలిబోను క్రికెట్టు క్లబ్బువారికి 1814 నుండియు నిదియే నివాసము. చిన్ననాఁటినుండి రేడియోలో ఆటల వృత్తాంతములు వినుచుఁ బెరిగిన మాకు దీనిని చూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. నిరుటి వేసవిలో మా మఱఁదిగారి యింటికి సీమ కేఁగినపుడు అది నెఱవేఱినది. టిక్కెట్టు ముందుగాఁ గొని, మార్గదర్శకుని వెంటఁ బోవలెను. గొప్ప పందెములున్న దినములలో నీ దర్శనము లేదు.

పుణ్యక్షేత్రమునకుఁ బలె నిచటి ప్రదర్శనశాలకును స్థలపురాణ మొకటి గలదు. 1882లో ఆంగ్లేయులు తమ ఓవలు మైదానమున ఆస్ట్రేలియావారిచే నోడిపోఁగా, ఇంగ్లండు క్రికెట్టు మరణించెననియు, దాని బూడిద ఆస్ట్రేలియాకుఁ గొనిపోఁబడుననియు నొక పత్రిక పరిహాసముగా వ్రాసెను. ఆ బూడిదను మరలఁ దెత్తునని ఐవో బ్లై తన జట్టుతో నా దేశమునకుఁ బోయెను. మెల్బోర్ను చెంత నొక సంపన్నుల భవనమున నతఁడు విడిసియుండఁగా, అచటి స్త్రీలు నవ్వులాటకొక చిన్న మట్టిభరిణె నతని చేతికిచ్చిరి. వారిలో నొకతెయగు ఫ్లారెన్సు మార్ఫీని అతఁడు 1884లో పెండ్లాడెను. ఆన్ ఫ్లెచరను నామె భరిణెకొఱకు ముఖమలు సంచి కుట్టియిచ్చెను. 1927లో బ్లై గతించిన పిదప భరిణె యీ క్లబ్బునకుఁ జేరినది. ఇప్పుడు ఆస్ట్రేలియావారు గెలిచినను వారికి దక్కునది స్ఫటికపు ప్రతిరూపమే.

అద్దముల వెనుక దానిని చూచి మేము విస్మితులమైతిమి. ఎత్తు బెత్తెడుకంటెఁ గొంచె మెక్కువ. మన యిండ్లలోని కుంకుమభరిణెలు దీనికంటె ఠీవిగా నుండును!

ప్రక్కనే బంతిపైఁ గూర్చున్న పిచ్చుక యొకటి. 1936లో కేంబ్రిడ్జి విద్యార్థియగు జహంగీరు ఖాను వేసిన బంతి తగిలి యిది చచ్చెనఁట. దానికి లోపల కూరి, ఆ బంతిమీఁదనే నిలిపిరి. ఈ జహంగీరు ఖానే 1932లో భారతదేశపు మొదటి టెస్టుపందెమున నిచట నాడెను. నాఁటి నాయకుఁడు సి. కె. నాయుఁడు, నాగపురమునఁ బుట్టినను మన తెలుగు కుటుంబమువాఁడే. మనవారు 158 పరుగులతో నోడిరి. నాయుఁడు చేసినవి మొదటి యిన్నింగ్సులో 40. ఇచట నూఱు పరుగులు చేసినవారి పేళ్లును, ఐదు వికెట్లు తీసినవారి పేళ్లును పలకలపై వ్రాయుదురు. ఆ పందెమున ఐదుగురిని పడఁగొట్టిన మహమ్మదు నిస్సారు పేరు పలక కెక్కినది, నాయునిది లేదు. తెలుగువారమగుటచే మాకుఁ గొంత కష్టమే తోఁచినది.

అంతకన్న మనసు కెక్కిన మాట వేఱొకటి. ఏ క్లబ్బువారి పెన్నిధి స్త్రీల పరిహాసమునఁ బుట్టినదో, ఆ క్లబ్బు 1998 దాఁక, అనఁగా 211 ఏండ్లు, స్త్రీలను సభ్యులుగాఁ జేర్చుకొనలేదు. పందెము జరుగునపుడు రాణిగారు దక్క నాఁడువారికిఁ బవిలియను ప్రవేశమే లేదు. సంచి కుట్టుటకుఁ బనికివచ్చిన చేతులు తలుపు తీయుటకుఁ బనికిరావు కాఁబోలు! 1976 ఆగస్టు 4న నిచట మొదటి స్త్రీల పందెము జరిగినపుడు ఇంగ్లండు నాయకురాలైన రేచలు హేహో ఫ్లింటు ఈ విషయమై చిరకాలము పోరాడినది. 1991లో సభ్యత్వమునకై 'ఆర్. ఫ్లింటు' అని మాత్రమే వ్రాసి దరఖాస్తు పంపినదఁట. 2022లో మైదానపు ద్వారమొకదాని కామె పేరు పెట్టిరి.

పవిలియనులో లాంగురూమను విశాలమైన గది యున్నది. ఆటగాండ్రు దానిగుండ మైదానమునకుఁ బోవుదురు. 2017 జులై 23న ప్రపంచకప్పు తుదిపందెమునాఁడు హైదరాబాదున నాట నేర్చిన మిథాలి రాజు భారతజట్టును ఆ దారినే నడపించినది. ఆనాఁడు మైదానము నిండిపోయెను. కావలసినవి 229 పరుగులు. మూఁడు వికెట్లకు 191 చేసినవారు తక్కిన ఏడింటిని 28 పరుగులలోఁ బోఁగొట్టుకొని 9 పరుగులతో నోడిరి. ఇంట టెలివిజను ముందు కన్నీరు పెట్టిన మేము ఆ గది తలుపుకడ నిలిచి పచ్చిక వంక చాలసేపు చూచితిమి. మార్గదర్శకుఁడు తొందరపెట్టెను. మఱఁదిగారి పిల్లలు మాత్రము పిచ్చుకను మఱల చూపినఁగాని కదలమనిరి.